సీబీపీలో లింఫోసైట్లు పెరిగితే: సీఎల్ఎల్‌ను ల్యాబ్ ఎలా తేలుస్తుంది

సీఎల్ఎల్, అంటే క్రానిక్ లింఫోసైటిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్, ఎక్కువమందిలో ఏ బాధా పెట్టకుండానే బయటపడుతుంది. శుక్లాల ఆపరేషన్‌కు ముందు రాసిన సీబీపీలోనో (రక్తకణాలను లెక్కించే పరీక్ష), షుగర్ చెకప్‌లోనో తెల్లకణాలు 30 వేలో 40 వేలో అని వస్తుంది. అరవై దాటిన మనిషి, జ్వరం లేదు, దగ్గు లేదు, పొలానికి పోయి వస్తూనే ఉన్నాడు. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు ఇక్కడి నుంచి రెండు తప్పు దారులు మొదలవుతాయి. ఒకటి, ఇన్ఫెక్షన్ అనుకొని పది రోజులు యాంటీబయాటిక్ వాడించి, అంకె దిగకపోతే మందు మార్చడం. రెండోది, ల్యుకేమియా అన్న మాట వినగానే ఆ రాత్రే కారు మాట్లాడుకొని హైదరాబాద్‌కు పరుగెత్తడం. మొదటి ల్యాబ్ స్లైడు సరిగ్గా చూసి, నాలుగు వాక్యాలు సరిగ్గా రాస్తే ఈ రెండూ తప్పుతాయి. ఈ జబ్బులో సగం నిర్ధారణ జిల్లా ల్యాబ్‌లోని మామూలు మైక్రోస్కోపు కిందే జరిగిపోతుంది.

సీఎల్ఎల్‌లో ఒకే బి లింఫోసైటు (యాంటీబాడీలు తయారు చేసే రకం తెల్లకణం) నుంచి పుట్టిన సంతతి రక్తంలో, ఎముక మజ్జలో, లింఫు గ్రంథుల్లో, ప్లీహంలో పేరుకుపోతుంది. చూడటానికి ఇవి పరిపక్వమైన కణాలే. అక్యూట్ ల్యుకేమియాలో కనిపించే బ్లాస్టులు, అంటే ఎదగని కణాలు, కావు. బీసీఎల్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండటంతో చావాల్సిన సమయానికి చావవు. అందుకే జబ్బు నెలలు, ఏళ్ల మీద నడుస్తుంది. అయితే ఈ కణాలకు పనికొచ్చే యాంటీబాడీలు తయారు చేయడం చేతకాదు, ఆరోగ్యంగా ఉన్న బి కణాల పనీ దెబ్బతింటుంది. మళ్లీ మళ్లీ న్యుమోనియా రావడం, సర్పి లేవడం వెనక ఉన్న కారణం ఇదే.

పాశ్చాత్య దేశాల్లో పెద్దవాళ్లకు వచ్చే ల్యుకేమియాల్లో ఇదే ఎక్కువ. మన దగ్గర క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా దీనికంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆసియా మూలాలున్నవాళ్లు అమెరికాలో స్థిరపడ్డా వాళ్లలో సీఎల్ఎల్ తక్కువగానే ఉంటుంది కాబట్టి తేడా చాలావరకు జన్యువుల్లో ఉందని భావిస్తారు. అరుదు కావడం వల్ల మన ల్యాబ్‌లో ఇది తొందరగా తట్టదు. ఆడవాళ్లకంటే మగవాళ్లకు ఎక్కువగా వస్తుంది. పత్తికి, వరికి మందులు కొట్టే ప్రాంతం కాబట్టి పురుగుమందుల ప్రశ్న ఇక్కడ తప్పక వస్తుంది. వియత్నాం యుద్ధంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే కలుపు మందుకు సీఎల్ఎల్‌తో సంబంధం ఉందని అమెరికా ప్రభుత్వం తన మాజీ సైనికుల విషయంలో ఒప్పుకుంది. అంతమాత్రాన ఫలానా రైతుకు ఫలానా మందు వల్లే ఈ జబ్బు వచ్చిందని చెప్పలేం. మందు కొట్టేటప్పుడు ముఖానికి, చేతులకు రక్షణ ఉండాలన్న మాట మాత్రం దీనితో నిమిత్తం లేకుండానే నిజం.

శాతం కాదు, అసలు సంఖ్య

రిపోర్టులో అందరి కన్నూ టీసీ (మొత్తం తెల్లకణాల సంఖ్య) మీదకు, తర్వాత డీసీలోని (తెల్లకణాల్లో ఏ రకం ఎంత అన్న లెక్క) శాతాల మీదకు పోతుంది. చూడాల్సింది ఆ రెండూ కలిపితే వచ్చే లింఫోసైట్ల అసలు సంఖ్య. టీసీ 42,000, లింఫోసైట్లు 84 శాతం ఉంటే అసలు సంఖ్య 35,280. దీన్ని ఎవరూ వదిలిపెట్టరు. చేజారేది ఇంకో రకం. టీసీ 11,200, లింఫోసైట్లు 62 శాతం. టీసీ పైహద్దును కొంచెమే దాటింది కాబట్టి సంతకం పడిపోతుంది. లెక్కిస్తే 6,944 లింఫోసైట్లు. పెద్దవాళ్లలో ఇది 4,000 దాటకూడదు. త్రీ పార్ట్ అనలైజర్లు లింఫోసైట్లు, గ్రాన్యులోసైట్లు, మధ్య కణాలు అని మూడు గుంపులుగానే చెబుతాయి. వాటి శాతాన్నే నమ్ముకుంటే అసహజ కణం ఏ గుంపులో చేరిందో తెలియదు. యాభై దాటిన మనిషికి అసలు సంఖ్య 5,000 దాటితే స్లైడు చూడకుండా రిపోర్టు బయటికి పంపకూడదని ప్రతి ల్యాబ్ నియమం పెట్టుకోవడం మంచిది.

ఒక్కసారి పెరిగిందని సీఎల్ఎల్ అనలేం. వైరల్ జ్వరాల్లో లింఫోసైట్లు పెరిగి వారాల్లో దిగుతాయి. పిల్లల్లో మామూలుగానే ఎక్కువ, కోరింత దగ్గులో మరీ ఎక్కువ. అంతర్జాతీయ సీఎల్ఎల్ వర్క్‌షాప్ 2018 మార్గదర్శకాల ప్రకారం రక్తంలో మైక్రోలీటరుకు కనీసం 5,000 బి లింఫోసైట్లు ఉండాలి, అవి కనీసం 3 నెలల పాటు నిలవాలి, అవన్నీ ఒకే సంతతి అని ఫ్లో సైటోమెట్రీలో (కణాల మీది గుర్తులను లేజర్‌తో చదివే పరీక్ష) తేలాలి. మొత్తం లింఫోసైట్లు 5,000 ఉంటే సరిపోదు, బి లింఫోసైట్లే అంత ఉండాలి. పై ఉదాహరణలో 6,944 లింఫోసైట్లలో 66 శాతం ఆ సంతతివి అనుకుంటే అవి 4,583. గ్రంథులు, ప్లీహం పెరగకపోతే, రక్తహీనత, ప్లేట్‌లెట్ల తగ్గుదల లేకపోతే దాన్ని మోనోక్లోనల్ బి సెల్ లింఫోసైటోసిస్ అంటారు. ఇలాంటివాళ్లలో ఏడాదికి నూటికి ఒకరిద్దరికే చికిత్స అవసరమయ్యే దశ వస్తుంది. ఒక్క అంకె తేడాతో మనిషికి క్యాన్సర్ ముద్ర పడటమా, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోమని చెప్పి పంపడమా అన్నది తేలిపోతుంది. రక్తంలో 5,000 లోపే ఉండి గ్రంథులు మాత్రం పెరిగితే అదే జబ్బును స్మాల్ లింఫోసైటిక్ లింఫోమా అంటారు. దాన్ని గ్రంథి బయాప్సీతో నిర్ధారిస్తారు.

మెడలో, చంకలో బిళ్ళలు కడితే మన ప్రాంతంలో మొదట టీబీ అనుకోవడం సహజం, చాలాసార్లు నిజం కూడా. అయితే రెండు పక్కలా, నొప్పి లేకుండా, రబ్బరులా కదిలే బిళ్ళలున్న పెద్ద వయసు మనిషికి ఆరు నెలల టీబీ మందులు మొదలుపెట్టే ముందు సీబీపీ, స్లైడు ఒక్కసారి చూడాలి. ములుగు, భూపాలపల్లి అడవి పల్లెల్లో ప్లీహం పెరిగితే పాత మలేరియా ఖాతాలో వేయడమూ ఇలాంటిదే.

స్లైడు మీద కనిపించేది

రక్తం ఈడీటీఏ (గడ్డకట్టనివ్వని రసాయనం) ఉన్న ఊదా మూత ట్యూబులోకి గీత వరకు తీసి, ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి. కుదపకూడదు. రెండు గంటల్లోపు స్మియర్ (స్లైడు మీద రక్తపు పలుచని పూత) గీయాలి. 2 నుంచి 3 మిల్లీమీటర్ల చుక్క చాలు. స్ప్రెడర్ స్లైడును 30 నుంచి 45 డిగ్రీల వాలులో పట్టి ఒకే ఊపులో లాగాలి. లీష్మన్ స్టెయిన్ 2 నిమిషాలు, తర్వాత దానికి రెట్టింపు 6.8 పీహెచ్ బఫర్ నీరు కలిపి 7 నుంచి 10 నిమిషాలు. వానాకాలంలో స్లైడు నెమ్మదిగా ఆరినా, మిథనాల్‌లో తేమ చేరినా ఎర్రకణాల మీద మెరిసే చుక్కలు, కేంద్రకాలకు అస్పష్టమైన అంచులు వస్తాయి. అలాంటి స్లైడు మీద క్రొమాటిన్ (కేంద్రకంలోని జన్యు పదార్థం) గురించి మాట్లాడటం వ్యర్థం, ఇంకొకటి గీయాలి.

సీఎల్ఎల్ కణం చిన్నది. ఎర్రకణం కంటే కొంచెం పెద్దగా ఉంటుంది. సైటోప్లాజం సన్నటి అంచు మాత్రమే. న్యూక్లియోలస్ (కేంద్రకంలోని చిన్న చుక్క) స్పష్టంగా కనబడదు. కేంద్రకంలోని క్రొమాటిన్ ఎండాకాలం నల్లరేగడి నేల నెర్రెలు వారినట్టు ముద్దలు ముద్దలుగా విడిపోయి ఉంటుంది. ఈ పోలిక పట్టుబడితే కన్ను మళ్లీ మోసపోదు. వీటి మధ్య చెదిరిపోయిన కేంద్రకాలు మచ్చల్లా కనిపిస్తాయి. అవి స్మడ్జ్ సెల్స్. ఈ కణాల్లో విమెంటిన్ అనే అస్థిపంజర ప్రోటీన్ తక్కువ కాబట్టి స్మియర్ లాగేటప్పుడు ఒత్తిడికి చితికిపోతాయి.

ఇక్కడే లెక్క తప్పుతుంది. చితికిన కణాలను లెక్కలోంచి వదిలేస్తే లింఫోసైట్ల శాతం తగ్గి, న్యూట్రోఫిల్స్ శాతం పెరిగినట్టు వస్తుంది. రెండు మార్గాలున్నాయి. సీఎల్ఎల్ అనుమానం ఉన్నప్పుడు స్మడ్జ్ కణాలను లింఫోసైట్లతో కలిపి లెక్కించి, ఆ విషయం రిపోర్టులో రాయడం ఒకటి. అల్బుమిన్ స్మియర్ రెండోది. 4 లేదా 5 చుక్కల రక్తానికి 1 చుక్క 22 శాతం బొవైన్ అల్బుమిన్ కలిపి స్మియర్ గీస్తే కణాలు చితకవు. క్రాస్ మ్యాచింగ్ కోసం చాలా బ్లడ్ బ్యాంకుల్లో ఈ అల్బుమిన్ ఉంటుంది కాబట్టి ఖర్చు లేని పని. రెండు స్లైడ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే అనుమానం తీరుతుంది. 100 బదులు 200 కణాలు లెక్కించడం మేలు.

స్మడ్జ్ కణాలు ఉంటే సీఎల్ఎల్, లేకపోతే కాదు అనే సూత్రం మాత్రం పనికిరాదు. రాత్రంతా ఉంచిన పాత శాంపిల్‌లో ఎవరి కణాలైనా చితుకుతాయి. అక్యూట్ ల్యుకేమియాలో బ్లాస్టులూ చితుకుతాయి. అందుకే చితకని కణాన్ని వెతికి చూడాలి. పెద్ద కేంద్రకం, స్పష్టమైన ఒకే న్యూక్లియోలస్ ఉన్న ప్రోలింఫోసైట్లు ఎన్ని శాతమో విడిగా రాయాలి. కేంద్రకం చీలి ఉంటే ఫాలిక్యులర్ లేదా మ్యాంటిల్ సెల్ లింఫోమా, అంచుల్లో నూగు ఉంటే ప్లీహపు మార్జినల్ జోన్ లింఫోమా లేదా హెయిరీ సెల్ ల్యుకేమియా మనసులో పెట్టుకోవాలి. హెయిరీ సెల్‌లో మోనోసైట్లు దాదాపు మాయమవుతాయి, ఇది మంచి ఆనవాలు.

అదే స్లైడు మీద ఎర్రకణాలనూ వదలకూడదు. గుండ్రటి స్ఫీరోసైట్లు, నీలిరంగు తిరిగిన పెద్ద కణాలు కనిపిస్తే ఎర్రకణాలు నాశనమవుతున్నాయేమో తేల్చడానికి రెటిక్యులోసైట్ కౌంట్, డైరెక్ట్ కూంబ్స్, బిలిరుబిన్, ఎల్‌డీహెచ్ చేయించాలి. సీఎల్ఎల్ ఉన్నవాళ్లలో 5 నుంచి 10 శాతం మందిలో శరీరం తన ఎర్రకణాలను తానే నాశనం చేసుకునే హీమోలిటిక్ అనీమియా వస్తుంది. ఇది మజ్జ నిండిపోవడం వల్ల వచ్చిన రక్తహీనత కాదు, చికిత్స స్టెరాయిడ్లతో మొదలవుతుంది.

యంత్రం చెప్పే అబద్ధాలు

తెల్లకణాలు లక్ష దాటితే రిపోర్టులోని మిగతా అంకెలను అనుమానంతో చదవాలి. కరగకుండా మిగిలిన కణాల మసక వల్ల హిమోగ్లోబిన్ ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ గాఢత) 36 దాటితే ఇదేనేమో అని ఆగాలి. శాంపిల్‌ను డైల్యూయెంట్‌తో పలుచన చేసి మళ్లీ నడిపి గుణించడమో, హిమోగ్లోబిన్ ద్రావణాన్ని సెంట్రిఫ్యూజ్ చేసి పైన తేరిన ద్రవాన్ని చదవడమో చేయాలి. తెల్లకణాల సంఖ్య కూడా యంత్రం హద్దు దాటితే పలుచన చేసే లెక్కించాలి.

పొటాషియం విషయం ఇంకా ప్రమాదకరం. పెళుసైన లింఫోసైట్లు ట్యూబులో, సెంట్రిఫ్యూజ్‌లో పగిలి పొటాషియం విడుదల చేస్తాయి. రిపోర్టులో 7 అని వస్తుంది, మనిషి నిబ్బరంగా కూర్చొని ఉంటాడు, ఈసీజీ మామూలుగా ఉంటుంది. ఆ అంకెను నమ్మి పొటాషియం దించే మందులు ఎక్కిస్తే నిజంగానే ప్రాణాపాయం. కొత్త రక్తం తీసి, చేత్తో మోసుకెళ్లి, తిప్పకుండా బ్లడ్ గ్యాస్ యంత్రంలో వెంటనే చూస్తే అసలు విలువ తెలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో దీనికి ఎదురు తప్పు జరుగుతుంది. ట్యూబులోని లక్షల కణాలు గ్లూకోజ్‌ను తినేసి, లేని హైపోగ్లైసీమియాను చూపిస్తాయి.

ఫ్లో సైటోమెట్రీ, అంతవరకు చేరే రక్తం

ఈ పరీక్ష కోసం శాంపిల్ చాలాసార్లు హైదరాబాద్‌కు పోతుంది. వరంగల్ నుంచి దూరం 150 కిలోమీటర్ల లోపే, కానీ సేకరణ కేంద్రంలో ఆగడం, కొరియర్ బండి ఎక్కడం, ఆదివారం అడ్డం రావడం అన్నీ కలిస్తే ఒకటిన్నర రోజు గడుస్తుంది. ఈడీటీఏ రక్తం 24 గంటల్లో చేరితే మంచిది, 48 గంటలు దాటనివ్వకూడదు. ఫ్రిజ్‌లో పెట్టకూడదు, గది ఉష్ణోగ్రత చాలు. అయితే మే నెలలో ఇక్కడి గది 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు థర్మాకోల్ పెట్టెలో కూల్ ప్యాక్ పెట్టి, దానికి ట్యూబు తగలకుండా మధ్యలో గుడ్డో పేపరో మందంగా చుట్టాలి. శుక్రవారం సాయంత్రం తీసిన రక్తం సోమవారం చేరితే చచ్చిన కణాలు యాంటీబాడీలను ఎలా పడితే అలా అంటించుకొని ఫలితాన్ని కలగాపులగం చేస్తాయి. సోమ, మంగళవారాల్లో ఉదయం రక్తం తీయడం అన్నిటికంటే తేలికైన జాగ్రత్త. ఫిష్ (మెరిసే రంగులతో జన్యు మార్పులు వెతికే పరీక్ష), క్రోమోజోమ్ పరీక్షలకు హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబు విడిగా పంపాలి. రంగు వేయని రెండు స్మియర్లు, ఆ రోజు సీబీపీ ప్రింటు జతచేస్తే అక్కడి డాక్టర్‌కు పని సగం తగ్గుతుంది.

అక్కడ ల్యాబ్‌లో సుమారు 10 లక్షల కణాలను రంగులు తగిలించిన యాంటీబాడీలతో 15 నుంచి 20 నిమిషాలు చీకట్లో ఉంచి, ఎర్రకణాలను కరిగించి, ఒక్కో కణాన్ని లేజర్ ముందు నుంచి పంపుతారు. సీఎల్ఎల్ ముద్ర ఇలా ఉంటుంది (సీడీ అంకెలు, ఎఫ్ఎంసీ7 కణాల మీది గుర్తుల పేర్లు): బి కణపు గుర్తు సీడీ19, మామూలుగా టి కణాల మీద ఉండే సీడీ5, వీటితో పాటు సీడీ23, సీడీ200. సీడీ20, సీడీ79బి, ఉపరితల ఇమ్యునోగ్లోబులిన్ (కణం మీది యాంటీబాడీ) బలహీనం. ఎఫ్ఎంసీ7, సీడీ10 ఉండవు. ఆ యాంటీబాడీలోని చిన్న గొలుసు, అంటే లైట్ చెయిన్, కాపా గానీ లాంబ్డా గానీ ఒక్కటే ఉంటుంది.

ఈ లైట్ చెయిన్ దగ్గరే చాలా రిపోర్టులు తడబడతాయి. ప్లాస్మాలో తేలే ఇమ్యునోగ్లోబులిన్లు కణాలకు అంటుకొని కాపా, లాంబ్డా రెండూ ఉన్నట్టు చూపిస్తాయి. యాంటీబాడీ వేయకముందే శాంపిల్‌ను సెలైన్ బఫర్‌తో రెండు మూడుసార్లు కడగాలి. అసలే బలహీనమైన గుర్తు, కడగకపోతే అసలు కనబడదు. ఇలాంటి రిపోర్టు వస్తే ఒకే సంతతి కాదని తేల్చేయకుండా పరీక్ష మళ్లీ చేయమనాలి.

ఈ గుర్తులకు మార్కులు వేసే మాట్యూటెస్ స్కోరులో సీడీ5 ఉండటం, సీడీ23 ఉండటం, ఎఫ్ఎంసీ7 లేకపోవడం, ఉపరితల ఇమ్యునోగ్లోబులిన్ బలహీనంగా ఉండటం, సీడీ79బి బలహీనంగా ఉండటం లేదా లేకపోవడం ఒక్కోదానికి ఒక మార్కు. 4 లేదా 5 వస్తే సీఎల్ఎల్. 2 లేదా తక్కువైతే వేరే లింఫోమా వెతకాలి. 3 వస్తే తొందర వద్దు. సీడీ5 ఉండి, సీడీ23, సీడీ200 లేకుండా, సీడీ20 గట్టిగా వెలిగితే మ్యాంటిల్ సెల్ లింఫోమా అనుమానించి సైక్లిన్ డి1 ప్రోటీన్ లేదా 11, 14 క్రోమోజోముల మార్పిడి కోసం పరీక్షించాలి. దాని చికిత్స దారే వేరు. సీఎల్ఎల్ అని తేలడానికి ఎముక మజ్జ పరీక్ష అక్కరలేదు. కారణం తెలియని రక్తహీనతో, ప్లేట్‌లెట్ల తగ్గుదలో ఉంటే తప్ప మనిషి నడుములో సూది గుచ్చనవసరం లేదు.

నిర్ధారణ అయ్యాక

జబ్బు ఎంత ముదిరిందో చెప్పే, 1975లో వచ్చిన రాయ్ దశలకు చేతి స్పర్శ, సీబీపీ చాలు. లింఫోసైట్లు మాత్రమే పెరిగితే 0, గ్రంథులు పెరిగితే 1, ప్లీహం లేదా కాలేయం పెరిగితే 2, హిమోగ్లోబిన్ 11 లోపు 3, ప్లేట్‌లెట్లు లక్ష లోపు 4. మన దగ్గర ఒక జాగ్రత్త తప్పనిసరి: ఇనుము లోపం, బి12 లోపం ఇంటింటా ఉన్నాయి. ఫెరిటిన్, బి12 చూడకుండా హిమోగ్లోబిన్ 10 అని మూడో దశలో పడేస్తే ఇనుము మాత్రలతో సరిపోయే మనిషి క్యాన్సర్ మందుల్లోకి వెళ్లిపోతాడు.

లక్షణాలు లేని తొలి దశలో చికిత్స చేయరు. మందు ముందే మొదలుపెడితే ఆయుష్షు పెరుగుతుందని పరీక్షల్లో తేలలేదు. తెల్లకణాల అంకె ఎంత పెద్దదైనా దానొక్కదాన్ని బట్టి మందు మొదలుపెట్టరు. మజ్జ దెబ్బతిని హిమోగ్లోబిన్ 10 లోపుకో, ప్లేట్‌లెట్లు లక్ష లోపుకో దిగజారుతుంటే, ప్లీహం పక్కటెముకల కింద 6 సెంటీమీటర్లు దాటితే, ఆరు నెలల్లో బరువు 10 శాతం తగ్గితే, లింఫోసైట్లు 6 నెలల్లోపే రెట్టింపైతే మొదలుపెడతారు. క్యాన్సర్ అని చెప్పి మందు ఇవ్వకుండా పంపారని కుటుంబాలు కోపం తెచ్చుకోవడం, నాటు వైద్యానికి పోవడం ఈ దశలోనే. డాక్టర్ పది నిమిషాలు కూర్చోబెట్టి వివరించాల్సిన సమయం కూడా ఇదే. మూడు నుంచి ఆరు నెలలకోసారి సీబీపీ, గ్రంథులు ప్లీహం తడిమి చూడటం సరిపోతుంది. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకే ఫైల్లో ఉండాలి, ఎందుకంటే రెట్టింపు కాలం పాత అంకెలతోనే లెక్క కడతారు.

చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నవాళ్లు ఫిష్, జన్యు పరీక్షలను నిర్ధారణ రోజే చేయించనక్కర లేదు, చికిత్స మొదలయ్యే ముందు చేయించడం మంచిది. 17వ క్రోమోజోమ్ పొట్టి భుజం పోయిందా, టీపీ53 జన్యువులో మార్పు ఉందా అన్నది అప్పుడు తప్పనిసరి. ఉంటే పాత పద్ధతి కీమోథెరపీ పనిచేయదు, ఇబ్రూటినిబ్, అకలబ్రూటినిబ్, వెనెటోక్లాక్స్ లాంటి మందులే దారి. ఈ మార్పులు జబ్బు నడకలో కొత్తగా పుట్టవచ్చు కాబట్టి ప్రతి కొత్త చికిత్సకు ముందూ మళ్లీ చూడాలి. ఐజీహెచ్‌వీ (యాంటీబాడీ తయారీకి సంబంధించిన జన్యువు) పరీక్ష మాత్రం జీవితంలో ఒక్కసారి చాలు, ఆ ఫలితం మారదు. రిటుక్సిమాబ్, ఒబినుటుజుమాబ్ అనే యాంటీబాడీ మందులు ఇచ్చే ముందు హెపటైటిస్ బి పరీక్షల్లో హెచ్‌బీఎస్‌ఏజీ ఒక్కటే చూసి ఊరుకోకూడదు. యాంటీ హెచ్‌బీసీ కూడా చూడాలి. ఎప్పుడో వచ్చి పోయిన హెపటైటిస్ బి ఈ మందులతో నిద్రలేచి కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

నెమ్మదిగా నడుస్తున్న జబ్బులో ఒక్క బిళ్ళ వారాల్లో వేగంగా పెరిగి, జ్వరం వచ్చి, ఎల్‌డీహెచ్ ఒక్కసారిగా ఎగబాకితే అది రిక్టర్ మార్పు కావచ్చు, అంటే పెద్ద కణాల లింఫోమాగా మారడం. అప్పుడు సన్న సూదితో తీసిన ఎఫ్ఎన్ఏసీ మీద ఆధారపడకూడదు. వీలైతే పెట్ స్కాన్‌లో అన్నిటికంటే ఎక్కువగా వెలిగిన గ్రంథిని ఎంచుకొని, పూర్తిగా తీసి, 10 శాతం బఫర్డ్ ఫార్మాలిన్‌లో వేసి, పాత సీఎల్ఎల్ రిపోర్టు జతచేసి బయాప్సీకి పంపాలి.